ట్రై బైక్ కొంటున్నారా? ఫ్రేము కంటే ముందు హ్యాండిల్‌బార్ చూడండి

ట్రై బైక్, అంటే ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే ట్రయాథ్లాన్ రేసుల సైకిల్, కొనబోయేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. ఫ్రేము ఎంత సన్నగా ఉంది, విండ్ టన్నెల్‌లో ఎన్ని వాట్స్ మిగిల్చింది అనే లెక్కల జోలికి పోకముందే, ఆ బైక్ ముందు భాగం మీ ఒంటికి తగ్గట్టు ఎంతవరకు మారుతుందో చూసుకోండి. నేను తొక్కేది మధ్యరకం ట్రై బైక్. కార్బన్ ఫ్రేము, డిస్క్ బ్రేకులు, షిమానో 105 డీఐ2 ఎలక్ట్రానిక్ గేర్లు. కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో ప్రాక్టీస్ అంతా దీని మీదే, 90 కిలోమీటర్ల సైక్లింగ్ ఉండే గోవా 70.3 (సగం దూరపు ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్) కూడా దీని మీదే చేశాను. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. ఏ కంపెనీ బైక్ చూస్తున్నా అడగాల్సిన ప్రశ్నలు అవే, పేరు రాస్తే మాట్లాడుకునేదంతా బ్రాండ్ చుట్టూ తిరుగుతుంది.

ముందు గాలి సంగతి, కాస్త అంకెల్లోనే చెప్తాను. గాలిని చీల్చుకుని పోవడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఆ పవర్ ఎనిమిది రెట్లు కావాలి. మనిషీ బైకూ కలిసి గాలికి ఎంత అడ్డుపడుతున్నాయో చెప్పే కొలతను సీడీఏ అంటారు. రోడ్ బైక్ మీద బ్రేక్ హుడ్స్ (బ్రేక్ లివర్ల పైభాగం) పట్టుకుని కూర్చుంటే ఇది 0.32, ఏరో బార్ల మీద, అంటే మోచేతులు ప్యాడ్ల మీద ఆనించి ముందుకు చాచిన కడ్డీలు (ఎక్స్‌టెన్షన్లు) పట్టుకుని, పొజిషన్ బాగా కుదిరితే 0.26 అనుకుందాం. సముద్రమట్టం దగ్గర, గంటకు 36 కిలోమీటర్ల వేగంలో మొదటివాడికి ఒక్క గాలికే 192 వాట్స్ ఖర్చవుతుంది, రెండోవాడికి 156. అంటే కాళ్లకు అదనంగా ఏ శ్రమా లేకుండా 36 వాట్స్ మిగిలినట్టు. దాన్ని వేగంలోకి మార్చుకుంటే 90 కిలోమీటర్లకు సుమారు తొమ్మిది నిమిషాలు కలిసొస్తుంది. గంటకు 30 కిలోమీటర్లతో వెళ్లేవాళ్లకైతే అదే మార్పుతో పది నిమిషాలు దాటుతుంది, ఎందుకంటే వాళ్లు రోడ్డు మీద గాలిని ఎదుర్కొనే సమయమే ఎక్కువ. "మనలాంటి స్లో వాళ్లకు ఏరో ఎందుకులే" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడాలి.

అయితే ఆ అడ్డులో ముప్పాతిక వంతు దాకా మన శరీరానిదే. ఈ రోజుల్లో వచ్చే మంచి ఏరో ఫ్రేములు రెండు పక్కపక్కన పెడితే తేడా కొన్ని వాట్స్ ఉంటుంది, కాదనను. కానీ ప్యాడ్ల మీద పడుకోలేక మధ్యమధ్యలో లేచి బేస్ బార్ (పక్కలకు చాచి ఉండే అసలు హ్యాండిల్) పట్టుకుంటే ఆ కొన్ని వాట్స్ పోవడమే కాదు, పోజిషన్ వల్ల వచ్చిన ముప్పై చిల్లర కూడా ఆ నిమిషంలోనే పోతుంది. నాకు ట్రై బైక్ కొనే ముందు ఒక సీనియర్ రైడర్ చెప్పిన మాట ఇది: "ఫ్రేము తర్వాత చూద్దువుగాని, ముందు ఆ ప్యాడ్ల మీద గంటసేపు తల ఎత్తకుండా ఉండగలవో లేదో చూడు." ఇన్నాళ్లు తొక్కాక దీనికంటే మంచి సలహా నా దగ్గర కూడా లేదు.

అసలు ట్రై బైక్ పుట్టిందే పొజిషన్ కోసం. 1989లో డాన్ ఎంప్‌ఫీల్డ్ క్వింటానా రూ పేరుతో తెచ్చిన సైకిల్‌లో సీటును ముందుకు జరిపి, సీట్ ట్యూబ్‌ను (సీటు కింది గొట్టాన్ని) దాదాపు నిటారుగా నిలబెట్టాడు. 1989 టూర్ డి ఫ్రాన్స్‌లో గ్రెగ్ లెమాండ్ చివరి రోజు టైమ్ ట్రయల్‌కు (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే దశ) ట్రయాథ్లాన్ వాళ్ల ఏరో బార్లు బిగించుకుని, 50 సెకన్ల వెనకబాటు దాటి 8 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. రోడ్ బైక్‌లో సీట్ యాంగిల్ 73 డిగ్రీల దగ్గర ఉంటే ట్రై బైక్‌లో 78 నుంచి 80 దాకా ఉంటుంది. దానివల్ల ముందుకు వంగినా మోకాలు వచ్చి పొట్టకు తగలదు, తుంటి దగ్గర మడత ఎక్కువ కాదు. బైక్ దిగి పరుగు మొదలుపెట్టినప్పుడు నాకు కాళ్లు త్వరగా దారికొచ్చేది ఇందువల్లే అని నా నమ్మకం. సైక్లింగ్ రేసులకు యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) పెట్టే ఫ్రేము నిబంధనలు డ్రాఫ్టింగ్ (ముందువాడి వెనక గాలిచాటున తొక్కడం) లేని ఐరన్‌మ్యాన్ రేసులకు వర్తించవు, అందుకే 2016లో సెర్వెలో పీ5ఎక్స్ లాంటి సీట్ ట్యూబే లేని వింత ఆకారాలు కూడా వచ్చాయి. ఒలింపిక్స్‌లో ఆడే, డ్రాఫ్టింగ్ అనుమతించే ట్రయాథ్లాన్‌కు మాత్రం ఈ బైక్ పనికిరాదు, అక్కడ రోడ్ బైకే.

ఇక అసలు విషయానికి వస్తాను. సైజ్ చూసేటప్పుడు ఎస్, ఎమ్, ఎల్ అక్షరాలను నమ్మకండి. స్టాక్, రీచ్ అని రెండు కొలతలుంటాయి. పెడల్ ఇరుసు నుంచి హెడ్ ట్యూబ్ (ఫ్రేము ముందు గొట్టం) పైభాగం ఎంత ఎత్తులో ఉందో స్టాక్, ఎంత ముందుకు ఉందో రీచ్. ట్రై బైక్‌కు ఇవి కూడా సరిపోవు. మోచేతులు ఆనించే ప్యాడ్ల స్టాక్, ప్యాడ్ల రీచ్ ఎంత నుంచి ఎంత దాకా మార్చుకోవచ్చో అడగాలి. బాగా చేసే కంపెనీలు ఈ పట్టిక వెబ్‌సైట్‌లోనే పెడతాయి. మంచి ఫిట్టర్ దగ్గరికి బైక్ కొన్నాక కాదు, కొనకముందే వెళ్లండి. ఫిట్ బైక్ మీద కూర్చోబెట్టి మీ ప్యాడ్ స్టాక్, ప్యాడ్ రీచ్ రాసిస్తాడు. ఆ రెండు అంకెలు చేతిలో ఉంటే షోరూమ్‌లో సగం బైకులు వాటంతటవే జాబితాలోంచి పోతాయి. ఫిట్టింగ్ ఫీజు దండగ అనుకునేవాళ్లు ఉన్నారు. బైక్ ధరతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం, దానికి వెనకాడకండి.

నా బైక్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ ముందు భాగమే. ప్యాడ్ల ఎత్తు మార్చాలంటే నాలుగు అలెన్ బోల్టులు విప్పి, మధ్యలో ఒక స్పేసర్ తీసో వేసో, మళ్లీ బిగించడమే. ఒక్కో ఎత్తుకు ఒక్కో పొడవు బోల్టులుంటాయి, అవన్నీ ఒక డబ్బాలో పెట్టుకున్నాను. ఎక్స్‌టెన్షన్లను కొద్దిగా పైకి లేపి, చేతులు గడ్డం వైపు వచ్చేలా పెట్టుకున్నాక భుజాల మీద బరువు తగ్గింది, మెడ నొప్పి దాదాపు పోయింది. మొదట్లో ప్యాడ్లు కాస్త ఎత్తులో పెట్టుకుని, నడుము అలవాటు పడేకొద్దీ స్పేసర్లు తీస్తూ వచ్చాను. ఇలా మారుతూ పోగలిగే బైక్ కాబట్టే ఇన్నాళ్లయినా ఇదే తొక్కుతున్నాను. కొన్ని ఖరీదైన మోడళ్లలో బేస్ బార్, స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే ముక్క) ఒకే ముక్కగా వస్తాయి, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ ఒక సెంటీమీటర్ మార్చాలంటే ఆ కంపెనీ పార్టే కావాలి, మన దగ్గర అది దొరకదు, తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ డ్యూటీ అదనం. ఇక్కడ ఉండేవాళ్లు ఇది గట్టిగా ఆలోచించాలి.

ఎలక్ట్రానిక్ గేర్లు రోడ్ బైక్‌లో ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది. ట్రై బైక్‌లో మాత్రం వాటికి డబ్బు పెట్టండి. మామూలు కేబుల్ గేర్లయితే లివర్లు ఎక్స్‌టెన్షన్ల చివరే ఉంటాయి, ఘాట్ ఎక్కుతూ బేస్ బార్ పట్టుకున్నప్పుడు గేరు మార్చాలంటే చెయ్యి తీయాల్సిందే. డీఐ2లో రెండు చోట్లా బటన్లుంటాయి. అనంతగిరి ఎక్కుతున్నప్పుడు ఆ తేడా ఎంతో తెలుస్తుంది.

బ్రేకులు మాత్రం బేస్ బార్ మీదే ఉంటాయి, పడుకుని పోతున్నప్పుడు చేతులు వాటికి దూరం. ఇది ఈ బైకుల స్వభావం, దానికి విరుగుడు లేదు. అందుకే ఎక్కడ తొక్కుతారన్నది ముందే తేల్చుకోవాలి. ఊరి మధ్యలో, ట్రాఫిక్‌లో ఈ బైక్ తీయొద్దు, గట్టిగానే చెప్తున్నాను. హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీస్ రోడ్డు తెల్లవారుజామున బాగుంటుంది, కానీ చెప్పాపెట్టకుండా వచ్చే స్పీడ్ బ్రేకర్లు, రాంగ్ రూట్‌లో వచ్చే బండ్లు, కుక్కలు ఉంటాయి, కళ్లు రోడ్డు మీదే ఉండాలి. 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వచ్చాక చాలా మేలైంది. పైన కప్పు ఉండటం వల్ల ఎండ నెత్తిన పడదు, బండ్ల భయం లేదు. వారాంతాల్లో మాత్రం పిల్లలతో కుటుంబాలు వస్తాయి, ఆ రోజుల్లో అక్కడ ఏరో బార్ల మీద పడుకోవడం తప్పు. వారం మధ్యలో, చీకటితోనే వెళ్తే ట్రాక్ ఖాళీగా దొరుకుతుంది. దీన్ని కట్టినందుకు నేను నిజంగా సంతోషించాను, ఇలాంటివి విజయవాడ, విశాఖల్లో కూడా రావాలి.

చక్రాల విషయంలో లోతైన రిమ్ముల మోజు చాలామందికి ఉంటుంది. నాకు ముందు 60 మిల్లీమీటర్లు, వెనక 80 ఉన్నాయి. వెనక చక్రం ఎంత లోతున్నా పెద్ద ఇబ్బంది రాదు. ముందుది మాత్రం పక్కగాలికి హ్యాండిల్‌ను లాగుతుంది. విశాఖ నుంచి భీమిలి వైపు బీచ్ రోడ్డులో వెళ్తూ కొండ మలుపు తిరిగి ఒక్కసారి సముద్రం ఎదురైన చోట గాలి తగిలినప్పుడు బార్లు గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. మనిషి తేలికైతే ముందు 50కి మించొద్దు. హవాయిలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డిస్క్ వీల్‌నే (కమ్ములు లేకుండా పూర్తిగా మూసి ఉండే చక్రం) ఏళ్ల తరబడి నిషేధించారంటే అక్కడి గాలుల సంగతి ఊహించుకోండి. టైర్లు 28 మిల్లీమీటర్ల వెడల్పు, ట్యూబ్‌లెస్. మన గతుకుల రోడ్ల మీద సన్నటి టైర్‌లో గట్టిగా గాలి కొట్టి తిరిగే రోజులు పోయాయి, కాస్త తక్కువ ప్రెషర్‌తో బైక్ సాఫీగా పోతుంది, వేగమూ తగ్గదు.

ఇక నన్ను విసిగించిన విషయం తుప్పు. వానాకాలంలో ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలిపి తొక్కే స్టాండు) మీద తొక్కేటప్పుడు చెమట ధారగా కారి సరిగ్గా ప్యాడ్ల మీద, స్టెమ్ మీద పడుతుంది. అక్కడి నుంచి లోపలికి దిగి హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) పై బేరింగ్‌ను తినేస్తుంది. హ్యాండిల్ తిప్పితే కరకరమన్నప్పుడు విప్పి చూస్తే బేరింగ్ మొత్తం ఎర్రగా తుప్పు పట్టి ఉంది. పాత సైకిల్ అయితే పది నిమిషాల పని. ఇందులో బ్రేక్ హోస్‌లు (బ్రేక్ ఆయిల్ గొట్టాలు) ఆ బేరింగ్ మధ్యలోంచే పోతాయి కాబట్టి బ్రేక్ ఆయిల్ తీసి, హోస్ ఊడదీసి, మార్చి, మళ్లీ ఎయిర్ తీయాలి. మొదట చూపించిన షాపులో చేయలేమన్నారు, చేయగలిగిన మెకానిక్ దొరకడానికే టైమ్ పట్టింది. ఇప్పుడు ట్రైనర్ ఎక్కితే ముందు భాగం మీద తువ్వాలు కప్పుతాను, దిగాక తడిబట్టతో తుడుస్తాను, బోల్టులకు గ్రీజు రాస్తాను. కొనే ముందు షాపువాళ్లను ఈ ప్రశ్న సూటిగా అడగండి: హెడ్‌సెట్ బేరింగ్ మార్చాలంటే ఏమేం విప్పాలి? జవాబు తడబడితే ఆలోచించుకోండి.

సీటు బైక్‌తో వచ్చింది ఉంచుకోనక్కర్లేదు. ముందుకు వంగినప్పుడు బరువంతా సీటు ముక్కు మీదకే వస్తుంది, అందుకే ముక్కు రెండుగా చీలి ఉండే ట్రై సీటు నాకు సరిపోయింది. క్రాంక్ (పెడల్‌ను పట్టుకునే చేయి) 165 మిల్లీమీటర్లది పెట్టించుకున్నాక ప్యాడ్ల మీద పడుకున్నప్పుడు మోకాలికి ఇంకా చోటు దొరికింది.

గోవాకు విమానంలో తీసుకెళ్లడం ఇంకో పరీక్ష. మీ బైక్ హ్యాండిల్ విప్పకుండా, కేబుళ్లు ఊడదీయకుండా పెట్టెలో పడుతుందా అన్నది ముందే చూసుకోండి. నాది ఎక్స్‌టెన్షన్ల సెట్ మొత్తం ఒకే ముక్కగా పైకి ఊడి వస్తుంది, బేస్ బార్ అలాగే ఉంటుంది, పెద్ద పెట్టెలో కూర్చుంటుంది. టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా), కార్బన్ పేస్ట్ (జారకుండా రాసేది) వెంట ఉండాల్సిందే, హోటల్ గదిలో అందాజాగా బిగిస్తే రేసులో సీట్ పోస్ట్ జారిపోతుంది. గోవా ఉక్కలో నీళ్లే ముఖ్యం. రెండు చేతుల మధ్య సీసా, గొట్టం నోటి దగ్గరికే వచ్చేది, పెట్టుకుంటే తల ఎత్తకుండానే తాగుతాం, కాబట్టి తాగడం మర్చిపోం. సీటు వెనక బిగించే సీసాలు గతుకుల్లో ఎగిరి పడిపోతుంటాయి, రేసుల్లో రోడ్డంతా అవే. పట్టు గట్టిగా ఉన్న కేజ్ కొనండి.

మొదటి 70.3 చేయబోతూ, ఇంట్లో ఒక్క బైక్‌కే చోటూ డబ్బూ ఉన్నవాళ్లకు నేను ట్రై బైక్ చెప్పను. మంచి రోడ్ బైక్ తీసుకుని క్లిప్-ఆన్ ఏరో బార్లు బిగించండి, సీటు కాస్త ముందుకు జరపండి, పైన చెప్పిన నిమిషాల్లో మంచి వాటా దానితోనే వస్తుంది, గ్రూప్ రైడ్లకూ ఘాట్లకూ అదే పనికొస్తుంది. రెండో బైక్‌గా, ఏటా రేసులు చేయాలని గట్టిగా ఉన్నవాళ్లు ట్రై బైక్ తీసుకుంటే మాత్రం సంతోషంగా తొక్కుతారు. ఖాళీ రోడ్డు మీద, వెనక గాలితో, పడుకుని పోతున్నప్పుడు వచ్చే ఆ ఊపు ఇంకే సైకిల్ మీదా నాకు రాలేదు.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లకు ఒక మాట. బాగా వంగగలిగిన రైడర్ దగ్గర కొంటుంటే ఫోర్క్ స్టీరర్ ట్యూబ్ (హెడ్ ట్యూబ్ లోంచి పైకి వచ్చే ఫోర్క్ గొట్టం) ఎంత వదిలి కోశారో అడగండి. స్పేసర్లన్నీ తీసేసి పొట్టిగా కోసేసి ఉంటే దాన్ని మళ్లీ పెంచలేం. అప్పుడు మీకు కావాల్సిన ఎత్తు ప్యాడ్ల కింద స్పేసర్లతోనైనా వస్తుందో లేదో టేపుతో కొలిచి చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.