ముందు స్టాఫ్, తర్వాతే క్లయింట్: మా అకౌంట్స్ ఆఫీసుపై సమీక్ష

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. పరవాడ ఫార్మా కంపెనీలకు స్టీలు ట్యాంకులు, పైపులైన్లు చేసి ఇస్తాం. 2018 నుంచి మా జీఎస్టీ, పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలన్నీ ద్వారకానగర్‌లో ఒక ఆఫీసు చూస్తోంది. పేరు రాయను, ప్రచారంలా ఉంటుంది.

"మా దగ్గర ముందు స్టాఫ్, తర్వాతే క్లయింట్" అని ఆ ఓనరు గారు మొదటి రోజే చెప్పేశారు. డబ్బు కట్టేది మేమైతే పెద్దపీట వాళ్ళ స్టాఫ్‌కా అని కాస్త మండింది కూడా.

అంతకుముందు వేరే ఆఫీసు ఉండేది. అక్కడ ఏ కుర్రాడూ నిలిచేవాడు కాదు. కొత్తవాడు వచ్చినప్పుడల్లా లేబర్ బిల్లేది, మెటీరియల్ బిల్లేది అని మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. వాడు నేర్చుకునేలోపు ఇంకోచోట చేరిపోయేవాడు. 20వ తేదీ దాటితే 3బీకి, అంటే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుకు, రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, పైగా బాకీ పన్నుకు వడ్డీ. ఆ టెన్షనంతా మాదే.

ఇక్కడ మొదటి నుంచీ మా ఫైలు ఒకే మేడమ్ చూస్తున్నారు. ఏ సప్లయరు బిల్లు ఆలస్యంగా ఎక్కిస్తాడో ఆవిడకు కంఠతా వచ్చు. 14న 2బీ, అంటే సప్లయర్లు జీఎస్టీ పోర్టల్‌లో ఎక్కించిన బిల్లుల జాబితా, రాగానే ఫోన్ చేస్తారు: "సార్, కంచరపాలెం వాళ్ళ బిల్లు ఇందులో కనపడట్లేదండి. బ్యాలెన్స్ ఇచ్చే ముందు ఒకసారి అడగండి." బిల్లు 2బీలో లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మా పన్నులోంచి తగ్గించుకోవడం, తీసుకోలేం. డబ్బంతా ఇచ్చేశాక అడిగితే ఏ సప్లయరు పలుకుతాడు? ఆ ఫోన్ సరైన రోజున రావడమే మాకు మిగులు.

అసలు నాకు వీళ్ళ మీద గురి కుదిరింది వాళ్ళ తప్పు దగ్గరే. ఒకసారి ప్లేట్ల బిల్లు రెండుసార్లు ఎక్కించి క్రెడిట్ తీసేసుకున్నారు. మాకు తెలియనే తెలియదు. మరుసటి నెల ఆవిడే ఫోన్ చేసి, "తప్పు నాదేనండి, ఈ నెల 3బీలో రివర్స్ చేస్తున్నాం" అన్నారు. ఏడాదికి 18 శాతం లెక్కన పడే వడ్డీని ఆఫీసే భరించింది. ఓనరు గారు ఏమన్నారని అడిగితే, "చెకింగ్ పద్ధతి మార్చారండి" అన్నారంతే. పాత ఆఫీసులో అయితే కుర్రాడి జీతంలో కోసేవారు. అందుకే అక్కడ ఎవరూ నోరు విప్పేవారు కాదు, నోటీసు వచ్చాకే మాకు తెలిసేది.

ఆవిడ ప్రసూతి సెలవులో చట్టం ఇచ్చే 26 వారాలూ తీసుకున్నప్పుడు మాత్రం గుండెల్లో రాయి పడింది. కానీ వెళ్ళే ముందే ఇంకో అబ్బాయిని షెడ్డుకు వెంటబెట్టుకొచ్చి, స్టాకు ఎక్కడ ఉంటుందో, చలాన్లు ఎవరు రాస్తారో అన్నీ చూపించారు. ప్రతి ఫైలూ ఇద్దరికి తెలిసి ఉండాలన్నది అక్కడ రూలు. సెలవు అడిగినవాళ్ళకు కాదనకూడదని పెట్టుకున్నారట. ఆ నెలల్లో మా రిటర్ను ఒక్కటీ లేటు కాలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. సాయంత్రం ఏడు దాటితే ఫోన్ ఎత్తరు, 20వ తేదీ అయినా సరే. బిల్లులు 5వ తేదీకల్లా అందాలి. గ్రీజు మరకల బిల్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పడేస్తే వెనక్కొస్తుంది. రాత్రి లారీ బయల్దేరేటప్పుడు ఈ-వే బిల్లు కావాలంటే వీళ్ళు దొరకరు, చివరికి మా సూపర్‌వైజరే నేర్చుకున్నాడు. రాత్రిపూట డిస్పాచ్‌లు ఎక్కువగా ఉండేవాళ్ళకు ఈ ఆఫీసు పనికిరాదు.

మా పక్క షెడ్డాయన అక్కడి అమ్మాయి మీద నోరు పారేసుకుంటే, ఆయన ఫైలు మర్యాదగా తిరిగిచ్చేశారు. వాళ్ళకు పొగరని ఆయన ఇప్పటికీ అంటూనే ఉంటాడు.

ఫీజు కూడా ఎక్కువే. మొన్న ఏప్రిల్‌లో మళ్ళీ పెంచారు. స్టాఫ్ జీతాలు పెంచాం కాబట్టి అని ఉత్తరంలో సూటిగానే రాశారు. బేరమాడి చూశాను, పైసా తగ్గలేదు. కట్టాను.