గోడ దాటి వెలిగే ఫ్లాష్‌తో మూడున్నరేళ్ళు

ఈ ఫ్లాష్ కొన్న కొత్తలో నేను దాని గురించి చెప్పని మనిషి లేడు. సింగ్‌నగర్‌లో మా ఇంటి వంటగది గట్టు మీద దాన్ని పెట్టి, తలుపు వేసి, నేను వరండాలోకి వచ్చి కెమెరా మీది ట్రిగ్గర్, అంటే దూరంనుంచి ఫ్లాష్‌ని వెలిగించే చిన్న పెట్టె, నొక్కేవాణ్ణి. తలుపు కింది సందులోంచి తెల్లటి వెలుగు తన్నుకొచ్చేది. లోపలినుంచి మా ఆవిడ "మీ ఆటలకి పాలు పొంగిపోయాయి" అని కేకేసేది. చూడటానికి వచ్చిన తోటి ఫొటోగ్రాఫర్లందరికీ ఇదే ప్రదర్శన. రెండు గోడలు దాటింది, చూశారా అని మీసం మెలేసేవాణ్ణి. నా మాట నమ్మి కనీసం నలుగురు కొన్నారు.

ఆ నలుగురికీ నేను చెప్పాల్సింది కొంచెం మిగిలిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

కంపెనీ పేరు చెప్పను. మన పెళ్ళిళ్ళలో సగం మంది చేతుల్లో ఉండేవి ఇలాంటివే. ఎన్ని మీటర్లు, ఎంత పవరు అన్నవి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. అంతకు ముందు నా దగ్గర పాత రకం ఉండేది. ఎదుట ఏ ఫ్లాష్ మెరిసినా చూసి తానూ మెరిసేది. పెళ్ళిలో ఏ బాబాయి కెమెరా మెరిసినా మనది కూడా ఊరికే మెరిసేస్తుంది. సరిగ్గా మనకు కావలసిన క్షణానికి ఛార్జ్ ఉండదు. పైగా ఎండలో పెడితే దానికి ఏ మెరుపూ కనపడదు. ఆ బాధ పడలేకే రేడియోతో పనిచేసేది కొన్నాను. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో కాబట్టి వెలుగుతో పనిలేదు, అడ్డం ఎవరున్నా ఫరవాలేదు, స్తంభం వెనక దాచినా వెలుగుతుంది. ఇక బాబాయిల బెడద వదిలిందనుకున్నాను.

కొన్న రెండో ఏడు, మాఘమాసం. బందరు రోడ్డు మీద రెండంతస్తుల కల్యాణ మండపం. పైహాలు మా పెళ్ళిది, కిందిహాలు ఇంకొకరిది. ముహూర్తాలు కూడా ఇంచుమించు ఒకటే, రాత్రి పదిన్నర దాటాక. మాఘంలో మంచి ముహూర్తం రోజున బెజవాడలో ఏ హాలు చూసినా ఇదే సంగతి.

మండపం వెనక ఎడమవైపు ఒక స్టాండు వేసి, ఫ్లాష్ పైకెత్తి పెట్టాను. తలంబ్రాల వేళకు వెనకనుంచి వెలుగు కావాలని పూర్తి పవరులో పదహారో వంతు, అంటే 1/16 పెట్టాను. రెండు మూడు సార్లు నొక్కి చూసుకున్నాను, బ్రహ్మాండంగా ఉంది. గౌరీపూజ జరుగుతుండగా పెళ్ళికొడుకు వైపు బామ్మగారు ఒకావిడ నన్ను పిలిచి, "నాయనా, నువ్వు ఇక్కడుంటే అక్కడ మెరుస్తుందేమిటి?" అని అడిగింది. అది రిమోటుదండీ అని నవ్వేశాను. "నువ్వు నొక్కలేదుగా" అందావిడ. అప్పుడు చూశాను. నిజమే. కెమెరా నా మెడలో వేలాడుతోంది, నా రెండు చేతుల్లోనూ కాఫీ కప్పు ఉంది, స్టాండు మీద ఫ్లాష్ మాత్రం టపటపా మెరుస్తోంది.

ముందు బ్యాటరీ మీద అనుమానం వచ్చింది. తీసి పెట్టాను. ఒక నిమిషం ఊరుకుంది. మళ్ళీ మొదలు. దగ్గరికెళ్ళి చూస్తే తెర మీద 1/2 అని ఉంది. నేను పెట్టింది 1/16. తిప్పి 1/16 చేశాను. కళ్ళముందే మెరిసి మళ్ళీ 1/2 అయింది! నా ఒళ్ళు జలదరించిన మాట నిజం. మా బావమరిది లైట్లు పట్టుకోవడానికి నాతో వస్తాడు. వాడు "బావా, ఇందులో ఎవరో ఉన్నారు" అన్నాడు. వాడు సరదాకి అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలీదు.

ఏదో లోపం ఉంది, పోనీలే, జీలకర్ర బెల్లం అయ్యేదాకా లాగితే చాలు అనుకున్నాను. అదే నేను చేసిన తప్పు. 1/2 పవరులో ఆగకుండా మెరుస్తూ ఉంటే ఏ ఫ్లాష్ అయినా వేడెక్కుతుంది. కొంత వేడెక్కాక తనను తాను కాపాడుకోవడానికి ఛార్జ్ అయ్యే సమయాన్ని పెంచేసుకుంటుంది. మామూలుగా ఒకటిన్నర సెకనులో సిద్ధమయ్యేది పది పన్నెండు సెకన్లు తీసుకుంటుంది. పంతులుగారు గట్టిమేళం అన్నారు. బాజాలు హోరెత్తాయి. అడ్డుతెర దిగింది. నేను నొక్కాను. చీకటి. మళ్ళీ నొక్కాను. చీకటే. స్టాండు మీద ఫ్లాష్ థర్మామీటరు గుర్తు చూపిస్తూ చల్లారుతోంది.

ఆ పెళ్ళిని నాకు దక్కించింది వీడియో వాళ్ళ లైటు. తక్కువ వెలుగు చాలేలా కెమెరా సున్నితత్వాన్ని, అంటే ఐఎస్ఓని, 3200కి పెంచి, వాళ్ళ లైటు ఎటు తిరిగితే అటు తిరుగుతూ తీశాను. ఆల్బమ్‌లో ఆ పేజీలు మిగతా వాటికంటే పసుపుపచ్చగా ఉంటాయి. పెళ్ళివారు గమనించలేదు. నాకు మాత్రం ఆ పేజీ తిప్పిన ప్రతిసారీ కడుపులో తిప్పుతుంది.

తర్వాత భోజనాల దగ్గర తెలిసింది అసలు కథ. మెట్ల కింద చేతులు కడుక్కుంటుంటే తెనాలినుంచి వచ్చిన కుర్రాడొకడు నా మెడలో కెమెరా చూసి దగ్గరికొచ్చాడు.

"అన్నా, పైహాలు మీదేనా? ఇవాళ మీ ఫ్లాష్ బాగానే పనిచేసిందా?"

"లేదు తమ్ముడూ. నీకెలా తెలుసు?"

"నాదీ లేదన్నా. మాటిమాటికీ 1/16కి పడిపోతోంది. సీలింగుకి కొట్టి తీద్దామని 1/2 పెట్టా, అన్నీ నల్లగా వచ్చాయి."

వాడి ట్రిగ్గరు చూశాను. అచ్చం నాదే. ట్రిగ్గరూ ఫ్లాషూ మాట్లాడుకునే రేడియో దారి చానల్, ఆ దారిలో ఫ్లాష్‌ల జట్టు గ్రూపు. వాడిది చానల్ 1, గ్రూపు ఎ. నాదీ చానల్ 1, గ్రూపు ఎ. డబ్బాలోంచి తీసినప్పుడు ఎలా ఉందో ఇద్దరం అలాగే ఉంచేశాం. వాడు కింద నొక్కితే పైన నాది మెరుస్తోంది. పైగా ట్రిగ్గరు వెలిగించడమే కాదు, ఎంత పవరు అన్నది కూడా తనే పంపిస్తుంది. అందుకే నా 1/16 వాడికి, వాడి 1/2 నాకు. గోడ దాటిందని వంటింట్లో మురిసిపోయానే, ఆ రాత్రి అది శ్లాబు కూడా దాటింది.

ఇద్దరం అక్కడే అరిటాకు ముందు కూర్చుని చెరో కొత్త చానల్‌కి మారాం. పులిహోర చల్లారిపోయింది.

దీనికి మందు ఫ్లాష్‌లోనే ఉంది. నా కోపమంతా అక్కడే. చానళ్ళు 32 ఉన్నాయి. దాని పైన ఐడీ అని రెండంకెల నంబరు ఒకటి, 01 నుంచి 99 దాకా. ట్రిగ్గరులోనూ ఫ్లాష్‌లోనూ చానల్, ఐడీ, గ్రూపు మూడూ కలిస్తేనే వెలుగుతుంది. ఇంత మంచి తాళం పెట్టి, దాన్ని మెనూలో చివరెక్కడో దాచి, ఆపేసి అమ్ముతారు. ఫ్లాష్‌తో వచ్చిన సూచనల కాగితంలో దాని గురించి ఒకటిన్నర వాక్యం ఉంది, చీమ తలంత అక్షరాల్లో. కొన్నరోజే ఎవరైనా ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ ఆల్బమ్ పచ్చబడేది కాదు.

చుట్టుపక్కల ఏ చానళ్ళు ఖాళీగా ఉన్నాయో వెతికిపెట్టే స్కాన్ కూడా నా ట్రిగ్గరులో ఉంది. హాల్లోకి వెళ్ళగానే, స్టాండు వేయకముందే అది చేస్తాను. కానీ ముహూర్తానికి గంట ముందు వచ్చి పక్కహాల్లో దుకాణం తెరిచేవాడి సంగతి దానికి ముందే తెలియదు కదా. ఐడీయే గట్టిది. అందులోనూ ఒక తిరకాసుంది. నా దగ్గరున్న పాత రెండో ఫ్లాష్‌కి ఐడీ అనేదే లేదు. ఐడీ పెట్టానంటే అది పలకదు. అందుకని రెండూ తీసుకెళ్ళిన రోజు చానల్ మార్చి దేవుడి మీద భారం వేస్తాను, ఒక్కటే తీసుకెళ్ళిన రోజు తాళం వేస్తాను.

ఇంకో చిన్న సంగతి. ఉంగరాలు, మంగళసూత్రం దగ్గరగా తీసేటప్పుడు ఫ్లాష్ కెమెరాకు జానెడు దూరంలో ఉంటే ఒక్కోసారి పలకదు. చెడిపోయిందని మా బావమరిది దాన్ని అరచేత్తో కొట్టేవాడు. చెడిపోలేదు. ట్రిగ్గరులో దూరం అమరిక 1–100 మీటర్లకు ఉంటే మరీ దగ్గర ఉన్నది సరిగా అందుకోదు. 0–30కి మార్చితే టక్కున వెలుగుతుంది. ఇప్పుడు నేను హాళ్ళలో ఎప్పుడూ 0–30లోనే ఉంచుతున్నాను. మన గొంతు కాస్త తగ్గితే పక్కవాడికీ మేలే.

ఇంత తిట్టాక తలంబ్రాల మాట చెప్పకపోతే పాపం. ఫ్లాష్‌ని 1/16కో అంతకన్నా తక్కువకో దించితే ఆ మెరుపు పూర్తి పవరులో కంటే చాలా పొట్టిగా ఉంటుంది. గాల్లో ఉన్న ప్రతి బియ్యపు గింజా ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. వెనకనుంచి వెలుగు పడి ఒక్కో గింజా ముత్యంలా ఉంటుంది. హోమం పొగ కూడా అంతే, ముందునుంచి కొడితే మురికిగా కనపడేది వెనకనుంచి కొడితే తెల్లటి తెరలా నిలబడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆ రకం ఫొటో చూసే వస్తారు. కాకపోతే ఒకప్పుడు చెప్పినట్టు ప్రతి పెళ్ళిలోనూ అది రాదు. వీడియో వాళ్ళ లైటు దగ్గరగా ఉంటే ఆ గింజలకు తోకలొస్తాయి. వాళ్ళను ఒక్క రెండు నిమిషాలు పక్కకు తిప్పమని బతిమాలుకోవాలి. ఆ రాత్రి నన్ను కాపాడిన లైటు కూడా అదే కాబట్టి గట్టిగా అనలేను.

జాగ్రత్తల సంగతి. స్టాండు కాలికి బరువు కట్టకుండా పిల్లలున్న హాల్లో పెట్టను. ఇసుక సంచి మరిచిపోయిన రోజు వంటవాళ్ళనడిగి ఉల్లిపాయల బస్తా కట్టాను. అన్నప్రాసనలకు, బారసాలలకు ఫ్లాష్ నేరుగా పిల్లవాడి ముఖం మీదికి తిప్పను, దగ్గరికి అసలు తీసుకెళ్ళను, సీలింగుకో గోడకో కొడతాను. "దగ్గరికొచ్చి తియ్యండి బాబూ" అని తాతగారు ఎంత అన్నా సరే. వెలిగే భాగాన్ని గుడ్డకో, పూలదండకో ఆనించి నొక్కకూడదు, ఆ ఒక్క క్షణం వేడికే చురక పడుతుంది. మా బావమరిది చొక్కా మీద సాక్ష్యం ఉంది.

లిథియం బ్యాటరీకి మన ఎండలు సరిపడవు. మే నెలలో కారు డిక్కీలో వదిలేసి గుంటూరు బ్రాడీపేటలో రెండు పనులు చూసుకొచ్చిన నాకే తెలుసు, బ్యాటరీ పట్టుకుంటే చెయ్యి కాలింది. మూడో ఎండాకాలానికి అది కొద్దిగా ఉబ్బింది. ఇంకొన్నాళ్ళు లాగుదామని మనసు పీకింది, కానీ లోపల ఇరుక్కుంటే బయటికి రాదని, అంతకంటే ఘోరమూ జరగొచ్చని పక్కన పెట్టేసి కొత్తది కొన్నాను.

అన్నిటికంటే పెద్ద పాఠం 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నేర్పింది. సింగ్‌నగర్‌లో ఆ నీళ్ళు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కెమెరా సంచీ అటక మీదికి చేర్చాను గానీ మొదటి రోజుల నాటి పాత ఫ్లాష్ ఒకటి, ట్రిగ్గర్ కూడా లేనిది, మంచం కింద ఉండిపోయింది. నీళ్ళు తీశాక దాన్ని తుడిచి, బ్యాటరీలు పీకేసి, ఇక భయం లేదని స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. విప్పి ఎండబెడదామని. అదృష్టం కొద్దీ ముందుగా గవర్నర్‌పేటలో కెమెరాలు బాగుచేసే పెద్దాయనకు ఫోన్ చేశాను. "విప్పకు. ముట్టుకోకు. అలాగే పట్టుకురా" అన్నాడు. ఆయన మాట ఎప్పుడూ మెత్తగా ఉంటుంది, ఆ రోజు మాత్రం గద్దించాడు. లోపల కెపాసిటర్ ఉంటుంది, అందులో 300 వోల్టుల పైచిలుకు నిలవ ఉంటుంది, బ్యాటరీ తీసినా అది వెంటనే పోదు. మెరుపు వచ్చేదే అందులోంచి. నాలుగు పెన్సిల్ బ్యాటరీల వస్తువు మనిషిని ఏం చేస్తుందిలే అనుకునేవాణ్ణి. ఆ ఫ్లాష్ మళ్ళీ బతకలేదు. నేను బతికాను.

అదే పెద్దాయన చెప్పిన ఇంకో మాట: ఫిల్ము రోజుల నాటి పాత ఫ్లాష్ ఇంట్లో ఉంది కదా అని డిజిటల్ కెమెరా నెత్తిన తగిలించకూడదట. వాటిలో కొన్ని కెమెరాకు తగిలే చోట 200 వోల్టులు దాటి ఉంటాయి, ఇప్పటి కెమెరాలు తట్టుకోలేవు. మా మామయ్య స్టూడియో నాటిది అలమారలో ఒకటుంది. దాన్ని బొమ్మల కొలువులో పెట్టాం.

మరి కొనాలా? నేనైతే ఇదే రకం రెండోది కొందామనే చూస్తున్నాను, ఐడీ ఉన్నది చూసుకుని, పాతది అమ్మేసి. కానీ నేను తీసేవి ఎక్కువగా ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, నెలకు ఒకటో రెండో పెళ్ళిళ్ళు. మోసుకెళ్ళడానికి బావమరిది ఉన్నాడు. ఒంటరిగా బండి మీద వెళ్ళి తీసేవాళ్ళకు స్టాండూ, బస్తా, ఛార్జర్ల గొడవ దండగనిపించొచ్చు. పల్లెల్లో పందిట్లో తీసేవాళ్ళకు నా చానల్ కథ అసలు ఎదురే కాకపోవచ్చు. రోజుకు రెండు హాళ్ళు తిరిగే పెద్ద టీముల సంగతి వాళ్ళే చెప్పాలి.

నా ట్రిగ్గర్ వెనక ఇప్పుడు తెల్ల టేపు ముక్క ఒకటి అంటించి, దాని మీద పెన్నుతో చానల్ 23 అని రాసుకున్నాను. తెనాలి తమ్ముడు 9 తీసుకున్నాడు. మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, ఆదివారం కంకిపాడులో ఒకే హాల్లో పడ్డాం. ఈసారి పైన నేను, కింద నువ్వు. నీది ఇరవై మూడేగా?"