కడుపు క్యాన్సర్ గడ్డలో రోగనిరోధక కణాలు: నాలుగు పరీక్షల్లో ఏది ముందు?

బయాప్సీలో కడుపు క్యాన్సర్ అని తేలాక కొన్నాళ్లకు ఇంకో రిపోర్టు చేతికొస్తుంది. ఎంఎంఆర్, పీడీ-ఎల్1 సీపీఎస్, ఈబర్, హెర్2 అని పేర్లు, పక్కన అంకెలు ఉంటాయి. హెర్2కి విడిగా మందులున్నాయి కాబట్టి దాన్ని పక్కన పెడదాం. మిగతా మూడూ, పరిశోధనల్లో తరచూ కనిపించే సీడీ8 కణాల లెక్కా ఒకే సంగతి చెప్పాలని చూస్తాయి: గడ్డలో చేరిన రోగనిరోధక కణాలను ఇమ్యునోథెరపీ మందు పనిలోకి దింపగలదా? చేతిలో డబ్బూ, బయాప్సీ ముక్కా రెండూ కొంచెమే ఉంటే నేనైతే ముందు ఎంఎంఆర్ చేయించమంటాను. డీఎన్ఏ తప్పులను దిద్దే ప్రోటీన్లు గడ్డలో ఉన్నాయో లేవో చూసే పరీక్ష అది.

కణాలను నేరుగా లెక్కపెట్టేస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సీడీ8 అనే గుర్తు పైన ఉన్న టి కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) క్యాన్సర్ కణాలను చంపగలవు. అవి గడ్డలో దండిగా ఉన్నవాళ్లు సగటున ఎక్కువ కాలం బతికారని చాలా పరిశీలనల్లో తేలింది. సీడీ163 అనే గుర్తు ఉన్న మాక్రోఫేజులు (మింగేసే రకం రోగనిరోధక కణాలు) ఎక్కువైతే మాత్రం ఫలితం బాగుండదు. ఇక ఫాక్స్‌పీ3 కణాలు తోటి టి కణాలను అణచిపెట్టే రకం. అవి ఎక్కువైతే చెడ్డదని కొందరు, మంచిదేనని కొందరు తేల్చారు. గడ్డలో ఏ చోట లెక్కపెట్టారన్నదాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది.

కడుపు విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. హెలికోబాక్టర్ పైలోరీ సూక్ష్మజీవి వల్ల ఏళ్ల తరబడి వాచిన కడుపు పొరలో లింఫోసైట్లు (టి కణాల్లాంటి తెల్ల రక్తకణాలు) ముందునుంచే గుంపులుగా ఉంటాయి. ఎండోస్కోపీలో గిల్లిన చిన్న ముక్కలో ఏవి పాత వాపువో, ఏవి క్యాన్సర్ మీదికి వచ్చినవో విడదీయడం తేలిక కాదు. పెద్దపేగు క్యాన్సర్‌లో ఈ లెక్కకు ఇమ్యునోస్కోర్ అనే పద్ధతి కుదిరింది. కడుపు క్యాన్సర్‌లో మందు ఎంపికకు అందరూ ఒప్పుకున్న హద్దు అంకె అలా ఏదీ లేదు. కాబట్టి జబ్బు నడక ఎలా ఉండొచ్చో ఊహించడానికి ఈ లెక్క పనికొస్తుంది. దాన్ని చూసి మందు రాయలేం.

పీడీ-ఎల్1 సీపీఎస్ కూడా సగం రోగనిరోధక కణాల లెక్కే. టి కణం మీదున్న పీడీ-1 అనే ప్రోటీన్‌కి వేరే కణాల మీదున్న పీడీ-ఎల్1 తగులుకుంటే ఆ టి కణం చల్లబడిపోతుంది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు అలా తగులుకోకుండా అడ్డుకుంటాయి. పీడీ-1ని క్యోటోలో 1992లో కనిపెట్టిన పరిశోధన జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోది. 2018 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది. కడుపు క్యాన్సర్‌లో పీడీ-ఎల్1 క్యాన్సర్ కణాల కంటే వాటి చుట్టూ ఉన్న లింఫోసైట్లు, మాక్రోఫేజుల మీదే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే రంగు పట్టిన ఈ మూడు రకాల కణాలనూ కలిపి, క్యాన్సర్ కణాల మొత్తంతో భాగించి, నూరుతో హెచ్చిస్తారు. సీపీఎస్ 5 అంటే నూరు క్యాన్సర్ కణాలకు రంగు పట్టినవి ఐదు.

ఈ అంకెను బట్టే నేడు చాలామందికి మందు నిర్ణయమవుతోంది. చెక్‌మేట్ 649 ట్రయల్‌లో సీపీఎస్ 5 లేదా అంతకు మించి ఉన్నవాళ్లలో కీమోకు నివోలుమాబ్ కలిపితే మధ్యస్థ జీవితకాలం (సగం మంది అంతకు మించి బతికిన కాలం) 14.4 నెలలు, కీమో ఒక్కటే అయితే 11.1 నెలలు. మూడు నెలల తేడా ఇంట్లోవాళ్లకు చిన్నదేమీ కాదు. కానీ అంకె మీద అతి నమ్మకం వద్దు. గడ్డలో ఒక మూల 10 వస్తే ఇంకో మూల 1 రావచ్చు. ఒకే స్లైడును ఇద్దరు పాథాలజిస్టులు చూస్తే 4 అనీ 6 అనీ తేడా పడొచ్చు. పాత కడుపు వాపు కణాలు లెక్కలో కలిసిపోయే గొడవ ఇక్కడా ఉంది.

ఇక ఎంఎంఆర్. డీఎన్ఏ నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులను దిద్దే ప్రోటీన్లు ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. వీటికి రంగు వేసి, ఉన్నాయా లేవా అని చూస్తారు. ఇవి పోయిన గడ్డలో తప్పులు వేలల్లో పోగుపడి వింత ప్రోటీన్లు పుడతాయి. వాటిని పరాయివిగా గుర్తుపట్టిన టి కణాలు గడ్డలోకి దూరుతాయి. కణాలు ఎన్ని ఉన్నాయన్నది సీడీ8 లెక్క చెబితే, అవి ఎందుకు వచ్చాయో ఈ పరీక్ష చెబుతుంది. నాకు దీని మీద గురి అందుకే. జవాబు కూడా చాలావరకు ఉంది, లేదు అన్నట్టే వస్తుంది.

ఫలితాల్లోనూ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అదే చెక్‌మేట్ 649లో ఈ ప్రోటీన్లు పోయిన రకం రోగులు కొద్దిమందే అయినా, నివోలుమాబ్ కలిపితే మధ్యస్థ జీవితకాలం 12.3 నెలల నుంచి 38.7 నెలలకు పెరిగింది. ఫ్రాన్స్‌లో జరిగిన నియోనిపిగా ట్రయల్‌లో ఈ రకం రోగులకు ఆపరేషన్‌కు ముందు ఇమ్యునోథెరపీ మాత్రమే ఇచ్చారు. ఆపరేషన్ అయిన 29 మందిలో 17 మంది గడ్డల్లో బతికున్న క్యాన్సర్ కణం ఒక్కటీ దొరకలేదు. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కీమో ఇచ్చి చూసిన బ్రిటన్ మ్యాజిక్ ట్రయల్ నమూనాలను మళ్లీ పరీక్షిస్తే, ఈ రకం వాళ్లకు అప్పటి కీమో మేలు చేసిన జాడ కనిపించలేదు. అందుకే ఈ ఫలితం కీమో మొదలుకాకముందే డాక్టర్ చేతిలో ఉండాలి. ఎంఎస్‌హెచ్2 లాంటిది పోయిందని వస్తే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య ముప్పు ఉందేమో చూడాలి. అంటే తోబుట్టువులకూ పిల్లలకూ కూడా ఇది పనికొచ్చే కబురే.

అయితే ఈ రకం అందరికీ ఉండదు. 2014లో టీసీజీఏ అనే అమెరికా క్యాన్సర్ జన్యు పరిశోధన బృందం 295 గడ్డలను పరీక్షిస్తే 22 శాతం ఇలాంటివి వచ్చాయి. జబ్బు ముదిరినవాళ్లలో ఆ వాటా బాగా తక్కువ. మిగతావాళ్లకు సీపీఎస్సే దిక్కు.

ఈబర్‌ది చిన్న కథ. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉన్న గడ్డను పట్టిస్తుంది. టీసీజీఏలో ఇవి 9 శాతం. కడుపు పైభాగంలో, మగవాళ్లలో ఎక్కువ. లింఫోసైట్లు కిక్కిరిసి ఉంటాయి. 2018లో వచ్చిన కొరియా పరిశీలనలో ఇలాంటి ఆరుగురికి పెంబ్రోలిజుమాబ్ ఇస్తే ఆరుగురికీ గడ్డ తగ్గింది. తర్వాతి పరిశీలనల్లో అందరికీ అలా జరగలేదు. ముక్క మిగిలితే చేయించుకోవలసిన పరీక్షే.

ఎంఎంఆర్ పరీక్ష వేల రూపాయల్లో అయిపోతుంది, మందు ఖర్చు లక్షల్లో ఉంటుంది. రిపోర్టులో ఎంఎంఆర్ లేకపోతే మళ్లీ ఎండోస్కోపీ అవసరం చాలాసార్లు రాదు. బయాప్సీ ముక్కను మైనంలో పొదిగిన బ్లాకు ల్యాబ్‌లో భద్రంగా ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని ఈ నాలుగు ప్రోటీన్లకు రంగు వేయించవచ్చు.