పంపులు ఎన్ని, మనుషులు ఎందరు: యార్క్‌షైర్ పల్లె పబ్బుల్లో నాలుగు రోజులు

మా నాన్న ముప్పై రెండేళ్లు ఎక్సైజు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నల్లగొండ జిల్లాలో ఆయన తనిఖీ చేయని కల్లు దుకాణం లేదేమో గానీ, చుక్క నోట్లో పోసుకున్న మనిషి కాదు. అలాంటాయన్ని మొన్న జూన్‌లో నాలుగు రోజులు ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్ అనే కొండలోయల పల్లెల్లో పబ్బు పబ్బుకీ తిప్పాను. కారు మా ఆవిడ నడిపింది. కొండ మలుపులంటే కడుపులో తిప్పేస్తుందని అమ్మ లీడ్స్‌లో చెల్లెలి దగ్గర ఆగిపోయింది. "తీర్థాలకు తిప్పే కొడుకుల్ని చూశాం, నువ్వొక్కడివే దొరికావురా" అని మాత్రం అంది.

ఇంగ్లండ్ పల్లె పబ్బు అంటే హైదరాబాద్ పబ్బు కాదు. డీజే లేదు, బౌన్సర్ లేదు, ఎంట్రీకి డబ్బుల్లేవు. రచ్చబండ, హోటలు, కల్లు దుకాణం ఒకే కప్పు కింద పెట్టినట్టుంటుంది. బురద బూట్లతో రైతులొస్తారు, కుక్కలు చలిమంట ముందు పడుకుంటాయి, పిల్లలు చిప్స్ (అంటే మన ఫ్రెంచ్ ఫ్రైస్) తింటుంటారు. బయటినుంచి వచ్చిన మనలాంటివాళ్లం సాధారణంగా కట్టడం చూసి మార్కులు వేసేస్తాం. తలకు తగిలే దూలాలు, రాతి గోడలు, గుమ్మం మీద పదిహేడు వందల ఎంతో సంవత్సరం కనబడితే చాలు, మంచి పబ్బు అనుకుంటాం. పదేళ్లుగా ఇక్కడుంటున్నా, అందులో సగం కాలం నేనూ అలాగే మోసపోయాను.

గురువారం సాయంత్రం మళ్లీ అలాంటి చోటే దిగాం. పేరు వద్దు. ఫొటోకి మాత్రం బ్రహ్మాండం. గోడ మీదికి పాకిన గులాబీలు, లోపల రాతి పలకల నేల, దూలాలకు ఇత్తడి గుర్రపు బిళ్లలు. బార్ మీద వరసగా ఎనిమిది చేతి పంపులు, ఒక్కోటీ కింది నేలమాళిగలోని ఒక పీపా నుంచి ఏల్ అనే ఇంగ్లీషు బీరుని పైకి తోడేది. ఆరున్నరకి లోపల మాతో కలిపి తొమ్మిది మందిమి, మిగతావాళ్ల చేతుల్లో వైనో, లాగర్ అనే మామూలు చల్లటి బీరో. నేను ఒక పైంటు, అంటే అర లీటరు పైచిలుకు, ఏల్ తీసుకున్నాను. మొదటి గుక్కకే గంజి పులిసినట్టు తగిలింది. వెనక్కి తీసుకెళ్తే కౌంటర్‌లో కుర్రాడు "రియల్ ఏల్ అంటే అలాగే ఉంటుంది" అన్నాడు. అలా ఉండదు. పుల్లబడిందంటే దానికి కాలం చెల్లిందనే. మంచి పబ్బులో ఆ మాట చెవిన పడగానే రెండో ప్రశ్న లేకుండా గ్లాసు మారుస్తారు. భోజనం సంగతి సరేసరి. ప్లాస్టిక్ తొడిగిన మెనూ కార్డులో నలభై రకాలున్నాయి. ఆ అరచేయంత వంటింట్లో నలభై రకాలు ఎవరు వండుతారు? మా ఆవిడకి వచ్చిన లసాన్యా అంచుల్లో కుతకుతలాడుతూ, నడుమ చల్లగా ఉంది.

రాత్రి గదిలో నాన్న "ఎందుకు పులిసిందిరా?" అనడిగారు. నాకు తెలిసింది చెప్పాను. లాగర్ వడకట్టుకుని, గ్యాస్‌తో కెగ్ అనే మూసిన లోహపు పీపాలో వస్తుంది. వారాల తరబడి ఉన్నా ఏమీ కాదు. కాస్క్ ఏల్‌ను, అంటే ఆ కుర్రాడు చెప్పిన రియల్ ఏల్‌నే, వడకట్టరు. పీపాలో ఈస్టు బతికే ఉంటుంది, పబ్బు నేలమాళిగలోకి దించాక కూడా పొంగుతూనే ఉంటుంది. వాడకం మొదలైందంటే పీపాలోకి గాలి చేరుతుంది కాబట్టి మూడు రోజుల్లో అయిపోవాలి.

"మరి కల్లే కదరా" అన్నారు.

అవును, కల్లే. పొద్దున దించిన తాటికల్లు సాయంత్రానికి ఏమవుతుందో ఆయనకి నేను చెప్పాలా! కాగితం తీసుకుని లెక్క కూడా ఆయనే వేశారు. పబ్బులకొచ్చే మామూలు పీపాని ఫర్కిన్ అంటారు. 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు. మూడు రోజుల్లో ఖాళీ కావాలంటే రోజుకి 24 అమ్మాలి. ఎనిమిది పంపులకి 192. అడుగున మడ్డి కింద కొంత పోయినా రోజుకి నూట డెబ్బయ్యో ఎనభయ్యో తప్పవు. ఆ తొమ్మిది మందిలో ఏల్ తాగిన ఘనుణ్ని నేనొక్కణ్నే. "గిరాకీ లేని దుకాణంలో కుండలు ఎక్కువ కనబడితే ఆ కల్లు ముట్టద్దు. మా స్టాఫుకి ఎప్పుడూ ఇదే చెప్పేవాణ్ని" అన్నారు.

ఇంగ్లండ్‌లో పదేళ్లున్న నాకు తట్టని లెక్క, ఒక్క చుక్క తాగని మనిషికి ఒక్క పూటలో దొరికింది. తెల్లారినప్పటి నుంచి గుమ్మంలోనే నిలబడి ముందు పంపులు, తర్వాత తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాం. ఇంకో గుర్తు కూడా ఉంది. పంపు మీద ఏ బీరో చెప్పే బొమ్మబిళ్ల వెనక్కి తిప్పి ఉందంటే ఆ పీపా అయిపోయిందనో, ఇంకా తేటపడలేదనో అర్థం. నాలుగింట్లో రెండు తిప్పేసి ఉంటే కొందరు విసుక్కుంటారు గానీ, నాకైతే ఆ యజమాని మీద నమ్మకం కలుగుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం రిచ్‌మండ్ దగ్గరి హడ్స్‌వెల్‌కి వెళ్లాం. అక్కడి జార్జ్ అండ్ డ్రాగన్ 2008లో మూతపడితే, ఊరివాళ్లే వాటాలు వేసుకుని కొని 2010లో మళ్లీ తెరిచారు. లోపలే చిన్న లైబ్రరీ, చిన్న కొట్టు, ఊరివాళ్లు కూరగాయలు పండించుకోవడానికి పక్కన మడులు. వెనక అరుగు మీద కూర్చుంటే స్వేల్ నది లోయంతా కళ్ల ముందుంటుంది. కాస్క్ ఏల్‌ని కాపాడాలని 1971లో మొదలైన కామ్రా అనే వినియోగదారుల సంఘం, 2016 సంవత్సరానికి దేశం మొత్తమ్మీద ఉత్తమ పబ్బుగా దీన్నే ఎంచింది. చూడ్డానికి పెద్ద అందగత్తె ఏమీ కాదు, మామూలు ఇల్లు. "సొసైటీ దుకాణమన్నమాట" అని నాన్న తేల్చేశారు. గీత కార్మికుల సొసైటీలు చూసినవాళ్లకి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

ఆ రాత్రికి లోయలో ఇంకా పైకెళ్లి ఒక చిన్న ఊళ్లో పబ్బు పైగదుల్లో దిగాం. మూడే పంపులు, ఏడు గంటలకి పాతిక మందికి పైగా జనం. కౌంటర్ దగ్గర మాటల్లో నాన్న ఉద్యోగం ఎక్సైజు అని చెప్పగానే, అరవై దాటిన ఆ యజమాని రెండు చేతులూ పైకెత్తి లొంగిపోయినట్టు నటించాడు. జనం కాస్త పలచబడ్డాక, "ఇన్‌స్పెక్షన్‌కి రండి" అని తనే కిందికి తీసుకెళ్లాడు.

ఆరు మెట్లు దిగామో లేదో చలి. గోడకి థర్మామీటర్, 12 డిగ్రీలు. 11కీ 13కీ మధ్యలో ఉండాలట. ఇంగ్లీషువాళ్లు వెచ్చని బీరు తాగుతారని మనవాళ్లు ఎగతాళి చేస్తారు కదా, అది వెచ్చన కాదు. ఫ్రిజ్ నీళ్లకీ బావి నీళ్లకీ ఉన్న తేడా. పీపాలు అడ్డంగా పడుకోబెట్టి, దొర్లకుండా చెక్కముక్కలు దోపి ఉన్నాయి. ఒక్కోదాని పైన ఒక బెజ్జం, అందులో చిటికెన వేలంత చెక్క మేకు. మెత్తటి చెక్కదైతే గ్యాస్ బయటికి వెళ్తుంది, గట్టిదైతే లోపలే ఆగుతుంది. పొంగు జోరుగా ఉన్నప్పుడు మెత్తది పెట్టాలి, తగ్గాక గట్టిది. రాత్రి పబ్బు మూశాక కిందికొచ్చి గట్టివి కొట్టకుండా పడుకుంటే మర్నాటికి బీరులో జీవం ఉండదట. పీపాల ముఖాన సుద్దముక్కతో వారం రాసి ఉంది. రెండింటి మీద గురువారం, ఒకదాని మీద అదే రోజు. గోడవారగా ఇంకో రెండు పీపాలు, వారం రాయనివి, తేటపడటానికి వదిలేసినవి.

ఆయన ఒక పీపా నుంచి నాలుగు గుక్కలంత గ్లాసులోకి వంచి నాన్న చేతికిచ్చాడు. నాన్న దాన్ని బల్బుకి ఎదురు పెట్టి చూశారు, తిప్పారు, వాసన చూశారు, నాకు అందించారు. "మందేం కలపలేదు" అన్నారు తెలుగులో. కల్లులో క్లోరల్ హైడ్రేట్ కలిపినవాళ్లని పట్టుకున్న ముక్కు అది. ఆ మాట యజమానికి అనువదించి చెబితే, ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదని తెగ నవ్వాడు.

పైకొచ్చాక చిన్న పేచీ. ఇంగ్లండ్ ఉత్తరాది పబ్బుల్లో పంపు మూతికి సన్న చిల్లుల బిళ్ల ఒకటి బిగిస్తారు, దాన్ని స్పార్క్లర్ అంటారు. దానివల్ల నురగ మీగడలా చిక్కగా కడుతుంది. ఇంగ్లండ్ దక్షిణాదివాళ్లకి అది గిట్టదు. నాన్నకి వాళ్ల వాదనతో పనిలేదు, కొలత మీదే చూపంతా. "పైంటంటే 568 మిల్లీలీటర్లు అన్నావు, నురగ పోతే ఎంతరా?" అన్నారు. కొలత ముద్ర ఎక్కడుందని గ్లాసు తిప్పి చూసి, దొరికాకే కింద పెట్టారు. ఇక్కడి లెక్క ప్రకారం నూటికి 95 వంతులు ద్రవం ఉండాలి, ఇంకా పోయమని అడిగితే పోయాలి. నాకు మొహమాటం. ఆయనే గ్లాసు తీసుకెళ్లి వేలితో గీత చూపించారు. కౌంటర్‌లోని పెద్దావిడ "ఆఫ్ కోర్స్, లవ్" అని అంచుదాకా నింపింది. తిరిగొచ్చి, "కొలత సరిపోయింది కానీ, ఆ లవ్ ఏందిరా?" అని గుసగుసగా అడిగారు. యార్క్‌షైర్‌లో బస్సు డ్రైవర్ నుంచి పోస్ట్‌మాన్ దాకా అందర్నీ అలాగే పిలుస్తారని చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

ఆ పబ్బు గది రాత్రికి 105 పౌండ్లు, బ్రేక్‌ఫాస్ట్ కలిపి. నడిస్తే నేల కిర్రుమంటుంది. పదకొండు దాకా కింది మాటలు వినబడతాయి, తర్వాత గొర్రెల అరుపులు తప్ప ఏమీ ఉండవు. చల్లనీళ్ల కుళాయి వేరు, వేడినీళ్ల కుళాయి వేరు, మగ్గు మనమే తెచ్చుకోవాలి. దుప్పటి, వేడినీళ్లు, కెటిల్ అన్నీ బాగున్నాయి. ఫోన్ సిగ్నల్ మాత్రం పబ్బు ఎదురుగా ఎర్ర టెలిఫోన్ పెట్టె దగ్గరికి వెళ్తే ఒక గీత.

తిండి విషయంలో మనవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. నాన్న మటన్ తింటారు, బీఫ్ ముట్టరు. మా ఆవిడ పూర్తి శాకాహారి. యార్క్‌షైర్‌లో చాలాచోట్ల చిప్స్ గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు, ఆదివారం రోస్ట్‌తో ఇచ్చే యార్క్‌షైర్ పుడ్డింగ్‌కి కూడా ఆ కొవ్వే వాడతారు. ఆ కొవ్వునే డ్రిప్పింగ్ అంటారు. "డ్రిప్పింగా, నూనెనా?" అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. పొద్దుటి పళ్లెంలో నల్లటి బిళ్ల కనబడితే అది బ్లాక్ పుడ్డింగ్, పంది రక్తంతో చేసింది. బీరులో కూడా ఉందో మెలిక. చాలా కాస్క్ ఏల్స్‌ని తేటపరచడానికి ఐసింగ్లాస్ వాడతారు, చేప గాలితిత్తి నుంచి తీసిన జిగురు అది. శాకాహారం పాటిస్తూ బీరు తాగే మిత్రులు అది వేయని ఏల్ ఉందా అని అడగండి, కాస్త మబ్బుగా ఉంటుందంతే. ఇంకొకటి, వంటిల్లు మధ్యాహ్నం రెండు, రెండున్నరకి మూసేస్తారు, మళ్లీ ఆరుకి గానీ తెరవరు. రెండూ నలభైకి వెళ్లి బతిమాలినా క్రిస్ప్స్ (మన చిప్స్) పొట్లమే గతి.

నా ఓటు ప్లౌమన్స్ లంచ్‌కి. రొట్టె, చీజ్, ఆపిల్ ముక్క, వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయ, పిక్కిల్. వండేదేమీ లేదు కాబట్టి సరుకు నాసిరకమైతే వెంటనే బయటపడుతుంది. శనివారం మాకిచ్చిన వెన్స్‌లీడేల్ చీజ్ పొడిపొడిగా విరుగుతూ, కొద్దిగా పుల్లగా, చాలా బాగుంది. పిక్కిల్ అనగానే ఆశగా చెంచా ముంచిన నాన్న మొహం చూడాలి. బెల్లం పాకంలా తియ్యగా, గోధుమరంగులో ఉంటుంది. "దీన్ని ఊరగాయ అంటే మీ నాయనమ్మ ఊరుకోదు" అని, మా ఆవిడ బ్యాగులోంచి గోంగూర సీసా తీయించారు. రొట్టె, చీజ్, గోంగూర కలిపి తిని చూడండి, నన్ను నమ్మండి.

శనివారం పొద్దున టాన్ హిల్ ఇన్. సముద్రమట్టానికి 1,732 అడుగులు, బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తున ఉన్న పబ్బు. ఒకప్పుడు చుట్టుపక్కల బొగ్గు గనుల కూలీలు వచ్చేవారు, ఇప్పుడు పెన్నైన్ వే అనే 268 మైళ్ల కాలిబాట నడిచేవాళ్లు వస్తారు. 2021 నవంబర్‌లో ఆర్వెన్ తుపానుకి మంచు కమ్మేసి, అరవై మంది దాకా మూడు రాత్రులు ఇందులోనే చిక్కుకుపోయారు. ఒయాసిస్ అనే రాక్ బృందం పాటలు పాడే బ్యాండు కూడా వాళ్లతోనే ఇరుక్కుంది. జూన్‌లో కూడా కారు తలుపు గాలికి చేతిలోంచి లాక్కుపోయింది. కనుచూపు మేర గడ్డి, గొర్రెలు, ఇంకేమీ లేవు. రోజూ వచ్చిపోయే ఊరివాళ్లు కాకుండా మాలాంటి టూరిస్టులే ఎక్కువ కాబట్టి దీన్ని మిగతావాటితో కలిపి తూచను. గాలి కోసం, దారి కోసం వెళ్లాలి. సగం పైంటు తాగి వచ్చేశాను. రక్తంలో ఆల్కహాల్ పరిమితి మన దగ్గర 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములైతే ఇంగ్లండ్‌లో 80. ఆ మాటంటే నాన్న ఒక చూపు చూశారు. తాళాలు ఎలాగూ మా ఆవిడ దగ్గరే ఉన్నాయి.

అక్కణ్నించి బటర్‌టబ్స్ కనుమ దాటి హార్డ్‌రా. గ్రీన్ డ్రాగన్ ఇన్ వెనక టికెట్టు తీసుకుని లోపలికి నడిస్తే వంద అడుగుల జలపాతం. వర్షాలు లేక సన్నగా ఉంది. ఆదివారం రిబుల్‌హెడ్‌లో 24 కమానుల రైలు వంతెన చూశాం. రైలు కోసం యాభై నిమిషాలు నిలబడ్డాం, వచ్చింది రెండు బోగీలది.

తిరుగుదారిలో, లీడ్స్ గంట దూరంలో ఉండగా, తీగపూల గోడలతో, రాతి గుమ్మంతో అచ్చం గురువారం నాటి పబ్బు లాంటిదే ఇంకోటి కనబడింది. మేం కారు ఆపేలోగా నాన్న దిగి, గుమ్మంలో తల లోపలికి పెట్టి, ఒక నిమిషంలో వెనక్కొచ్చారు.

"ఆరు పంపులు, నలుగురు మనుషులు. అందులో ఒకడు నిద్రపోతున్నాడు. ఇంటికి పోనీ అమ్మా, చాయ్ తాగుదాం."