కాపర్ వైరింగ్ ఉన్న చోట కోర్ స్విచ్: అన్నీ 10జీ కాపర్ పోర్టులా, ఎస్‌ఎఫ్‌పీ ప్లస్సా?

కర్నూలు, నంద్యాల వైపు కాలేజీలూ ఆసుపత్రులూ ఇప్పుడు అడిగేది ఒకటే: "గోడల్లో క్యాట్ 6 ఎలాగూ ఉంది కదన్నా, కోర్ స్విచ్ ఒక్కటి 10జీది పెడితే సరిపోతుందా?" క్యాట్ 6 అంటే ఒక రకం రాగి నెట్‌వర్క్ వైరు, కోర్ స్విచ్ అంటే మిగతా స్విచ్‌లూ సర్వర్లూ అన్నీ వచ్చి కలిసే నడిమి స్విచ్, 10జీ అంటే సెకనుకి 10 గిగాబిట్ల స్పీడ్. కొటేషన్లలో కూడా 24 పోర్టుల కాపర్ 10జీ స్విచ్చే రాసిస్తుంటారు, ఎందుకంటే పాత స్విచ్‌లో పీకి కొత్తదాంట్లో గుచ్చితే పని అయిపోయినట్టు కనిపిస్తుంది, కస్టమర్‌కీ సులువుగా అర్థమవుతుంది. నా ఓటు మాత్రం కోర్‌లో ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ (ఫైబర్ మాడ్యూల్ గానీ కాపర్ కేబుల్ గానీ గుచ్చుకునే 10జీ కంత), ఫ్లోర్లలో 2.5జీ పోర్టుల స్విచ్‌లకే. మొత్తం కాపర్ 10జీ కోర్ సరైన చోటు కూడా ఒకటుంది, దాని సంగతి కింద చెప్తా.

స్విచ్ కంటే ముందు వైరు చూడండి. కాపర్ మీద 10జీ ప్రమాణం 2006లో వచ్చింది, అది క్యాట్ 6ఏ మీద 100 మీటర్లు నడుస్తుంది. మామూలు క్యాట్ 6 అయితే మహా అయితే 55 మీటర్లు, అదీ వైర్లు వదులుగా ఉంటేనే. మనవాళ్లు ట్రేలో నలభై యాభై వైర్లు కలిపి జిప్ టైలతో బిగించేస్తారు, అప్పుడు ఒక వైరు గోల పక్క వైరులో పడుతుంది కాబట్టి 37 మీటర్లకు మించి నమ్మొద్దు. ర్యాక్ దగ్గర ప్యాచ్ కార్డు (పొట్టి జోడింపు వైరు), టేబుల్ దగ్గర ప్యాచ్ కార్డు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. క్యాట్ 5ఈకి ఈ ప్రమాణంలో చోటే లేదు. తక్కువ దూరంలో లింక్ లైటు వెలుగుతుంది, వెలిగింది కదా అని బిల్లు పెట్టేయకుండా ఒక రోజు లోడ్ ఇచ్చి పోర్టులో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయిన డేటా లెక్క) పెరుగుతున్నాయేమో చూడండి.

దీనికి తోడు ఇంకో తలనొప్పి ఉంది. డబ్బా మీద క్యాట్ 6 అనే ఉంటుంది, లోపల మాత్రం రాగి పూత వేసిన అల్యూమినియం. తొడుగు ఒలిచి ఒక తీగని బ్లేడుతో గట్టిగా గీకండి, లోపల వెండిలా తెల్లగా తేలితే అది రాగి కాదు. 305 మీటర్ల డబ్బా ఒక చేత్తో అవలీలగా లేచినా అనుమానించాల్సిందే. ఇలాంటి వైరుని కేబులింగ్ ప్రమాణాలు అసలు ఒప్పుకోవు, పైగా దాని మీద పీవోఈతో, అంటే డేటా వైరులోంచే కరెంటు తీసుకునే కెమెరాలూ వైఫై యాక్సెస్ పాయింట్లూ నడిపితే వేడెక్కుతుంది. ఈ వైరుకి లక్షల స్విచ్ పెట్టినా దండగే.

ఇక వేడి సంగతి, మన ఊళ్లలో అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది. కాపర్ 10జీ పోర్టు ఒక్కోటి దగ్గర దగ్గర 2 నుంచి 4 వాట్లు తింటుంది. అదే ర్యాక్‌లో సర్వర్‌కి డ్యాక్ కేబుల్ (రెండు చివరలా ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ ప్లగ్గులున్న పొట్టి రాగి కేబుల్) వేస్తే ఒక వాట్ కూడా కాదు, ఫైబర్ మాడ్యూల్ అయితే ఒక వాట్ చిల్లర. 24 పోర్టులూ నిండితే కాపర్ స్విచ్ ఆ గదిలో చిన్న హీటర్‌లా కూర్చుంటుంది. చాలా చిన్న స్విచ్‌ల స్పెక్ షీట్లో పనిచేసే ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకే రాసి ఉంటుంది. మే నెలలో కర్నూల్లో బయటే 42 దాటుతుంటే, సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు ఏసీ కూడా ఆపేసి వెళ్లే మూసిన గదిలో ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. ఫ్యాన్ల మోత వేరే.

ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ నాకు నచ్చడానికి అసలు కారణం, ఆ కంతలో ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. ర్యాక్ లోపల 1, 3 మీటర్ల డ్యాక్, బిల్డింగ్ లోపల ఓఎం3 (తక్కువ దూరాల రకం) ఫైబర్ మీద 300 మీటర్లు, ఎక్కువ దూరాల సింగిల్ మోడ్ ఫైబర్, ఎల్‌ఆర్ మాడ్యూల్ అయితే 10 కిలోమీటర్లు. రెండు బిల్డింగుల మధ్య మాత్రం ఫైబర్ తప్ప ఇంకోటి ఆలోచించకండి, ఎర్తింగ్ తేడాలూ పిడుగులూ కాపర్‌ని బతకనివ్వవు. వేసవి సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు వచ్చిన మర్నాడు "లింక్ పోయింది" అని ఫోన్లు వచ్చేది ఎక్కువగా ఇలాంటి చోట్ల నుంచే. ఫైబర్ అంటే ఖర్చని భయపడేవాళ్లున్నారు, కానీ కేబుల్ ఆపరేటర్ల పుణ్యమా అని స్ప్లైసింగ్ మెషీన్ ఉన్న కుర్రాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లోనైనా దొరుకుతున్నారు.

ఇదే కంతలో పెట్టే ఆర్‌జే45 (మామూలు ల్యాన్ వైరు ప్లగ్) కాపర్ మాడ్యూళ్లు కూడా దొరుకుతాయి, కానీ వాటితో జాగ్రత్త. ఎక్కువ వాటికి 30 మీటర్లే పరిమితి, కాసేపు నడిచాక ముట్టుకుంటే వేలు వెనక్కి తీసుకోవాల్సినంత వేడి, పక్కపక్కన పెట్టొద్దని కొన్ని కంపెనీలే చెప్తాయి. రెండు మూడైతే పర్లేదు. పది పన్నెండు కావాలంటే మీరు ఎంచుకున్న స్విచ్చే తప్పు.

ఫ్లోర్లకి 2.5జీ ఎందుకంటే, 2016లో వచ్చిన 802.3బీజడ్ ప్రమాణం ప్రకారం పాత క్యాట్ 5ఈ మీద కూడా 100 మీటర్లు 2.5జీ, క్యాట్ 6 మీద 5జీ నడుస్తుంది. గోడలు పగలగొట్టే పని లేదు. వైఫై 6 యాక్సెస్ పాయింట్లలో చాలావాటికి ఆ పోర్టే ఉంటుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనో, అనంతపురం వాళ్లయితే బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో సెకండ్ హ్యాండ్ 10జీ కాపర్ స్విచ్ చవగ్గా వస్తోందని ఎగబడే ముందు ఒకటి చూసుకోండి: పాతవాటిలో చాలావాటికి 1, 10 మాత్రమే తెలుసు, 2.5 తెలియదు. అలాంటిదానికి 2.5జీ యాక్సెస్ పాయింట్ తగిలిస్తే చడీచప్పుడు లేకుండా 1జీకి దిగిపోతుంది. కంప్యూటర్లో పెట్టే నెట్‌వర్క్ కార్డుల్లోనూ అంతే, ఇంటెల్ ఎక్స్540కి 2.5 రాదు, ఎక్స్550కి వస్తుంది.

మరి మొత్తం కాపర్ కోర్ ఎవరికి? నాస్ (అందరి ఫైళ్లూ దాచే నెట్‌వర్క్ డబ్బా), సర్వర్లు, ఎడిటింగ్ మెషీన్లు అన్నిటికీ 10జీ ఆర్‌జే45 ఆల్రెడీ ఉండి, అంతా ఒకే ఫ్లోర్లో, క్యాట్ 6ఏ వేసి టెస్ట్ రిపోర్ట్ చేతిలో ఉన్నవాళ్లకి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో అనుకోండి, పది టేబుళ్లు, ఇరవై మీటర్ల దూరం, ఏసీ రోజంతా ఆన్. అక్కడ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పెట్టమని నేనే చెప్పను, కార్డులన్నీ మార్చాల్సి వస్తుంది. కాపర్ లేటెన్సీ (డేటా చేరడంలో ఆలస్యం) రెండు మైక్రోసెకన్ల పైన, డ్యాక్‌ది అందులో పదో వంతు స్థాయిలో ఉంటుందని వాదించేవాళ్లుంటారు. ఈ పనుల్లో ఆ తేడా ఎవరికీ తెలియదు. కాకపోతే 10జీ తర్వాత కాపర్‌కి దారి దాదాపు మూసుకుపోయింది, క్యాట్ 8 మీద 25జీ, 40జీ అనేవి 2016 నుంచి కాగితం మీదే ఉన్నాయి, అదీ 30 మీటర్లకే.

ఏది కొన్నా స్పెక్ షీట్లో రెండు అంకెలు చూడండి: 24 పోర్టుల 10జీ స్విచ్‌కి స్విచింగ్ కెపాసిటీ 480 జీబీపీఎస్, ఫార్వర్డింగ్ 357 ఎంపీపీఎస్ (సెకనుకి మిలియన్ ప్యాకెట్లు) ఉండాలి, తక్కువ ఉంటే పోర్టులన్నీ ఒకేసారి పూర్తి స్పీడ్ ఇవ్వవు. కోర్ అయితే పవర్ సప్లైలు రెండు ఉన్నదే తీసుకుని, రెండిటినీ వేర్వేరు యూపీఎస్‌లకి కలపండి. ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ వైపు వెళ్తే వేరే కంపెనీ మాడ్యూల్ని ఆ స్విచ్ ఒప్పుకుంటుందో లేదో ఆర్డర్‌కి ముందే డీలర్‌తో రాయించుకోండి. స్పేర్ మాడ్యూళ్లు రెండు కొని ర్యాక్‌లోనే పెట్టండి, కర్నూల్లో రాత్రికి రాత్రి దొరికే వస్తువు కాదది.