మందను బీడంతటా వదిలేయాలా, బీడును మడులుగా విడదీసి తిప్పాలా?

అంజన్ గడ్డి బీడులో గొర్రెలు మేపేవాళ్ల సందేహం ఇది. కొరికిన గడ్డి తొలి చిగురు వేసేది కుదురులో, వేళ్లలో దాచుకున్న పిండిపదార్థంతో, నత్రజనితో. కొత్తాకు విచ్చుకున్నాకే ఆ నిల్వ తిరిగి నిండుతుంది. సగానికి మించి ఆకు పోతే వేరు పెరుగుదలా కుంటుపడుతుంది.

ఖర్చు: వదిలేస్తే కాపరి కూలి చాలు. తిప్పితే కంచె, నీళ్ల తొట్లు అదనం.

ముప్పు: వదిలేస్తే గొర్రె లేత చిగురే వెతుక్కుని, అదే కుదురును వారంలో మళ్లీ కొరుకుతుంది. నిల్వ అడుగంటి కుదురు చస్తుంది. పక్కనే ముదురు గడ్డి ముట్టకుండా మిగులుతుంది. ఖాళీల్లో వయ్యారిభామ కలుపు దిగుతుంది. తిప్పేవాళ్లు చేసే తప్పు వేరు: తేదీ చూసి తోలడం. వాన ముఖం చాటేస్తే 30 రోజులైనా గడ్డి కోలుకోదు, ఎత్తే చూడాలి.

కొలత: 40 సెం.మీ. ఎదిగాక తోలి, 15 దగ్గర తీసేయండి. అంచనాకు 7 మడులు, ఒక్కోదాంట్లో 5 రోజులు: మడికి 30 రోజుల విరామం.

మంద చిన్నదై బీడు విశాలమైతే వదిలేయడమే నయం. భూమి తక్కువై, గడ్డి విత్తి పెంచినదైతే మడులే. విత్తిన మొదటి ఏడాది మాత్రం రెండూ వద్దు, కోసి వేయండి.