పాత మానిటర్ విప్పే ముందు: లోపల ట్యూబా, ఎల్‌ఈడీనా?

రెండూ ఎల్‌సీడీ తెరలే. బయటికి అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. తేడా అంతా తెర వెనుక దీపంలో ఉంది. 2010కి ముందు వచ్చిన మానిటర్లలో ఎక్కువగా సీసీఎఫ్‌ఎల్ ట్యూబులే (ట్యూబ్‌లైట్ లాంటి బుల్లి ఫ్లోరోసెంట్ దీపాలే) ఉండేవి. పెన్సిల్ కన్నా సన్నని గాజు గొట్టాలు, ఒక్కోదానిలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం. ఎల్‌ఈడీ దీపాల్లో పాదరసం ఉండదు.

ముందు వెనుక స్టిక్కర్ చదవండి. దీపంలో పాదరసం ఉందనో, ‘హెచ్‌జీ’ (Hg, పాదరసం గుర్తు) అనో ఉంటే అది ట్యూబే. స్టిక్కర్ చిరిగిపోయిందా? మూత తీసి, ట్యూబుకు ఎక్కువ వోల్టేజీ అందించే ఇన్వర్టర్ బోర్డు వెతకండి: చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, వాటి నుంచి తెర అంచులోకి దూరే జంట తీగలు. ఎల్‌ఈడీ తెరలో వాటికి బదులు, పసుపు చుక్కలు వరుసగా అతికించినట్టుండే సన్నని పట్టీ ఉంటుంది.

ఎల్‌ఈడీదైతే పాదరసం భయం లేకుండా విప్పవచ్చు. ట్యూబు తెర అంచును మాత్రం నేను స్క్రూడ్రైవర్‌తో పైకెత్తను. గొట్టం పుటుక్కున విరుగుతుంది. లోపల దొరికే గుప్పెడు అల్యూమినియం కోసం పాదరసం ఆవిరి పీల్చడం గిట్టుబాటయ్యే బేరం కాదు. తెరను అలాగే ఈ-వ్యర్థాల కేంద్రానికి ఇచ్చేయడం మేలు. పొరపాటున విరిగితే కిటికీలు తెరిచి కాసేపు బయటికి వెళ్లండి. వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, ఆవిరిని గదంతా చిమ్ముతుంది.